ర్యాక్ అద్దె మేలా, ఎక్కువ మార్జిన్ మేలా?

హన్మకొండ, పరకాల, నర్సంపేట వైపు చిన్న సూపర్ మార్కెట్లు నడిపేవాళ్లు తరచూ ఇదే అడుగుతున్నారు. కంపెనీ సేల్స్‌మ్యాన్ వచ్చి కంటికి ఎదురుగా ఉండే అర మాకివ్వండి, నెలనెలా డిస్‌ప్లే డబ్బులు, అంటే ర్యాక్ అద్దె ఇస్తాం అంటున్నాడు, ఒప్పుకోవాలా, లేక ప్యాకెట్ మీద మార్జిన్ పెంచమనాలా అని. నా ఓటు మార్జిన్‌కే.

అద్దెలో సుఖం లేకపోలేదు. సరుకు పోయినా పోకపోయినా డబ్బు వస్తుంది, అంటే రిస్క్ కంపెనీ మీదికి పోతుంది. అందుకే ఎవరూ పేరు వినని కొత్త సరుకైతే అద్దె అడగడమే న్యాయం. తన సరుకు మీద నమ్మకం ఉన్న కంపెనీయే ముందుగా డబ్బు పెడుతుంది.

కానీ ఆ అరలో ఇప్పుడు ఏముందో చూశారా? మహిళా సంఘం వాళ్ల కారం ఉందనుకుందాం. ప్యాకెట్‌కు 20 రూపాయలు మిగులుతూ నెలకు 100 ప్యాకెట్లు అమ్ముడుపోతున్నాయి. కింది అరకు దింపితే అమ్మకం 20 ప్యాకెట్లకు పడిపోయిందంటే మీకు నెలకు 1,600 రూపాయలు పోయినట్టే. అద్దె 1,000, కొత్త సరుకు మీద లాభం 400 కలిపినా 1,400 దాటదు. పైగా ఏ షాపుకీ అద్దె కట్టలేని ఆ సంఘం వాళ్ల సరుకు, బాగున్నా సరే, మెల్లగా అంగట్లోంచే మాయమవుతుంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. బ్రిటన్‌లో ప్రమోషన్ కోసమైతే తప్ప మంచి చోటు పేరుతో సప్లయర్లను డబ్బు కట్టమనకూడదని పెద్ద సూపర్ మార్కెట్లకు 2010 నుంచి నిబంధన ఉంది.

ఇంకోటి, అద్దె గల్లాలోకి పోయి అక్కడే ఉంటుంది, కొనేవాళ్లకు పైసా తగ్గదు. అదే ప్యాకెట్‌కు ఐదు రూపాయలు ఎక్కువ మిగిలితే అందులో రెండు తగ్గించి అమ్మొచ్చు, పక్క షాపు గిరాకీ మీ దగ్గరికొస్తుంది. ఎంత అమ్మితే అంత కాబట్టి నిలబెట్టి అమ్మాలన్న పట్టుదలా ఉంటుంది.

కంపెనీలు ఇచ్చే పది కొంటే ఒకటి ఫ్రీ స్కీములు దసరా ముందు పర్వాలేదు, మామూలు రోజుల్లో సరుకు మిగిలిపోవచ్చు కాబట్టి ఎక్స్‌పైరీ డేట్ చూసుకోవాలి. కూల్‌డ్రింక్ కంపెనీ ఇచ్చే ఫ్రిజ్ అంటారా, కరెంటు బిల్లు మీదే.

అద్దెకే ఒప్పుకుంటే మూడు నెలలకు మించి ఇవ్వకండి. డబ్బు బ్యాంకులో పడుతుందా, క్రెడిట్ నోట్‌గా, అంటే తర్వాతి బిల్లులో తగ్గింపుగా వస్తుందా, అమ్ముడుపోని సరుకు ఎవరు వెనక్కి తీసుకుంటారు అన్నది డిస్ట్రిబ్యూటర్ చేత కాగితం మీద రాయించుకున్నాకే అర ఖాళీ చేయండి.