బ్లాంటన్స్ విస్కీ కొనేవాళ్లు జాగ్రత్త: నేను తాగేసిన సీసానే మళ్లీ నాకు అమ్మారు

నిన్న రాత్రి జరిగింది. కోపంతో నిద్ర పట్టలేదు. ఈలోపు మరొకరు డబ్బు పంపేస్తారేమోనని తెల్లవారగానే రాస్తున్నాను. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లకు అరుదైన బర్బన్ (ముఖ్యంగా మొక్కజొన్నతో చేసే అమెరికన్ విస్కీ) సీసాలు తెచ్చి అమ్మే అన్న ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. ఆయన దగ్గర 180 డాలర్లు పెట్టి బ్లాంటన్స్ కొన్నాను. దుకాణంలో అందులో సగం ధర కూడా ఉండదు, కానీ దొరకదు. విజయవాడ నుంచి వచ్చిన మా బావగారికి అసలైన సింగిల్ బారెల్ బర్బన్ రుచి చూపిస్తానని ఎప్పుడో మాటిచ్చాను. అందుకని బేరం కూడా ఆడలేదు.

తులిప్ పువ్వు ఆకారం గ్లాసుల్లో కొద్దికొద్దిగా పోసి పది నిమిషాలు కదపకుండా ఉంచాను. నోరు కాస్త తెరిచి వాసన చూడాలని, మొదటి గుక్క నాలుకకు ఘాటు అలవాటు కావడానికేనని, రెండో గుక్కను నోరంతా తిప్పి మింగితే రుచి తెలుస్తుందని బావగారికి చెప్పాను. బ్లాంటన్స్‌లో నాకు ఎప్పుడూ ముందు నారింజ తొక్క వాసన తగులుతుంది. ఆ తర్వాత తేనె, జాజికాయ, ముదురు పాకం. మింగాక ఆ వెచ్చదనం ఛాతీలో చాలాసేపు ఉంటుంది. నిన్న ఇవేమీ లేవు. తీపి నాలుక చివరనే ఆగిపోయింది. దాని వెనక పచ్చి స్పిరిట్ వాసన.

అయినా నన్ను నేనే అనుమానించుకున్నాను. మామూలు బర్బన్‌కు ఎన్నో పీపాల సరుకు కలిపి రుచిని ఒకేలా ఉంచుతారు. సింగిల్ బారెల్ అలా కాదు, ఒక్క పీపా నుంచే సీసాలు నింపుతారు కాబట్టి పీపాకూ పీపాకూ తేడా ఉంటుంది. కెంటకీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో విస్కీ తయారీ నిపుణుడు ఎల్మర్ టి. లీ 1984లో తెచ్చిన బ్లాంటన్స్ అలాంటిదే. ఇదీ అలాంటి తేడానే కాబోలని సర్దిచెప్పుకున్నాను. బావగారు నా ముఖం చూసి "బాగుందోయ్" అన్నారు. నన్ను నొప్పించకూడదని అన్న ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది.

మాట మార్చడానికి లేబుల్ చదివి వినిపించడం మొదలుపెట్టాను. వేర్‌హౌస్ హెచ్, రిక్ (పీపాలు పేర్చే అర) సంఖ్య, పీపా సంఖ్య, పీపా ఖాళీ చేసిన తేదీ, సీసా సంఖ్య. తేదీ దగ్గర ఆగిపోయాను. అది మా అమ్మాయి పుట్టినరోజు. నిరుడు దీపావళికి ఇదే అన్న ఇంట్లో ఇదే తేదీ ఉన్న సీసా చూసి, ముచ్చటపడి ఫొటో తీసుకున్నాను. ఫోను తెరిచి పక్కన పెట్టి చూశాను. అదే పీపా, అదే సీసా సంఖ్య. మూత మీద గుర్రపు బొమ్మ దగ్గర ఉండే అక్షరం కూడా అదే. లేబుల్ మూల చిరుగు కూడా అక్కడే ఉంది. ఆ రాత్రి ఆయనా నేనూ కలిసి చివరి చుక్క దాకా ఖాళీ చేసిన సీసా అది!

వెంటనే ఫోను చేశాను. పొరపాటైందని అంటాడేమోనని ఆశపడ్డాను. ఆయన నవ్వాడు. "ఆ నంబర్లు ఎవరు చూస్తారు తమ్ముడూ? మనవాళ్లు ఎలాగూ సోడా కలుపుకునే తాగుతారు, సీసా చూపించుకోవడానికే కదా కొనేది" అన్నాడు. డబ్బు తిరిగి అడిగితే ఫోను పెట్టేశాడు. ఆ ఇంట్లో నేను పండుగ భోజనం చేశాను. వాళ్ల పిల్లలు నన్ను బాబాయ్ అని పిలుస్తారు.

తప్పు నాది కూడా. సీలు కింద జిగురు మరక కనిపించింది, అడగడానికి మొహమాటపడ్డాను. లైసెన్సు లేని మనిషి దగ్గర మద్యం కొన్నాను కాబట్టి ఫిర్యాదు చేయాలన్నా ముందు నేనే తల దించుకోవాలి. అన్నిటికన్నా భయపెడుతున్నది ఒకటుంది. అందులో ఏం పోశాడో నాకు తెలియదు, దాన్ని ఇంటికొచ్చిన పెద్దాయన చేత తాగించాను. ఇప్పటికైతే ఆయన ఆరోగ్యంగానే ఉన్నారు.

లైసెన్సున్న దుకాణంలో తప్ప కొనకండి. ఖాళీ సీసాలు పారేసేముందు లేబుల్ చింపేయండి, మూత విడిగా పారేయండి. మిగిలిన సరుకుతో సహా ఆ సీసా నా దగ్గరే ఉంది. ఈయన దగ్గర కొన్నవాళ్లు ఉంటే తాగకుండా పక్కన పెట్టి, లేబుల్ ఫొటో నాకు పంపండి. ఆ దీపావళికి తీసిన ఫొటోల్లో ఇంకో మూడు సీసాల లేబుళ్లు కనిపిస్తున్నాయి, సరిచూసి చెబుతాను.