నాట్ల పాట రికార్డు చేయడానికి ఏది మేలు: జాక్ మైకా, యూఎస్‌బీ మైకా, ఫోనా?

మా అమ్మమ్మకి ఎనభై రెండేళ్లు. నెల్లూరు దగ్గర కోవూరు అవతల పల్లెలో ఉంటుంది. మొలగొలుకులు వరి నాటే రోజుల్లో తోటి ఆడవాళ్లతో కలిసి పాడిన పాటలు ఇప్పటికీ ఆమె నోట్లో ఆడుతుంటాయి. పోయిన సంక్రాంతికి ల్యాప్‌టాప్, ఒక కాలర్ మైకు పట్టుకుని వెళ్లాను. వసారాలో కూర్చోబెట్టి రెండు గంటలు పాడించాను. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే గొంతు వెనకాల మొదటినుంచి చివరిదాకా జుయ్‌మని ఒకటే మోత. ఆమెకీ వినిపించాను. "ఏంది అబ్బయా, నా పాట కింద ఆ తేనెటీగలేంది?" అంది.

మర్నాడు మళ్లీ పాడింది. కానీ ముందురోజు తనంతట తానే గుర్తొచ్చి పాడిన రెండు చరణాలు ఎంత తడుముకున్నా రాలేదు. అవి ఆ మోతతోనే మిగిలిపోయాయి. ఆ బాధ ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను. ఇంట్లో పెద్దవాళ్ల గొంతు దాచుకోవాలని అనుకునేవాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు ఇంకా చాలామంది ఉంటారు. వాళ్లు బయల్దేరకముందే ఏ మైకు తీసుకెళ్లాలో తేల్చుకోవాలి. అక్కడికెళ్లాక తేల్చుకుందామంటే కుదరదు.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉన్నది లినక్స్ మింట్. రికార్డింగ్‌కి ఆడాసిటీ వాడతాను. సహజంగానే మొదటి అనుమానం ఆడాసిటీ మీదికి పోయింది. తీసేసి మళ్లీ వేశాను. తర్వాత ఆర్డోర్ అనే ఇంకో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వేసి చూశాను. అదే మోత. సాఫ్ట్‌వేర్ మార్చడంలో ఒక పూటంతా పోయింది. అసలు చూడాల్సింది శబ్దం నడిచే దారిని. మైకు నుంచి వైరు, వైరు నుంచి జాక్, జాక్ నుంచి లోపలి సౌండ్ చిప్. అక్కడ శబ్దం అంకెలుగా మారుతుంది. ఆ అంకెలు లినక్స్‌లో శబ్దాన్ని చూసుకునే ఆల్సా, పైప్‌వైర్ అనే రెండు భాగాల చేతులు మారి చివరికి ఆడాసిటీకి వస్తాయి. చిప్ దాకా వచ్చేలోపే మోత కలిసిపోతే ఆ తర్వాత ఎన్ని సాఫ్ట్‌వేర్లు మార్చినా అది పోదు.

కలిసింది అక్కడేనని ఎలా తెలిసిందంటే, ఎవరూ మాట్లాడని అయిదు సెకన్ల ముక్కని ఎంచుకుని, ఆడాసిటీ ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ తెరిచాను. ఏ హెర్ట్జ్ దగ్గర శబ్దం ఎంతుందో అది బొమ్మగీసి చూపిస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఒక కొండ, 100 దగ్గర ఒకటి, 150 దగ్గర ఇంకొకటి లేచి ఉన్నాయి. మన ఇళ్లలో కరెంటు 50 హెర్ట్జ్‌దే, మిగతా రెండూ దాని గుణిజాలు. అంటే నేను రికార్డు చేసిన దాంట్లో పాటతో పాటు గోడలోని కరెంటు కూడా ఉంది. మైకుని నిశ్శబ్దంగా పెట్టి, ఆడాసిటీలో శబ్దం ఎంతుందో చూపే మీటర్ వైపు చూస్తూ ఛార్జర్ పిన్ను ల్యాప్‌టాప్ నుంచి లాగేశాను. మైనస్ 45 డెసిబెల్స్ దగ్గర కొట్టుకుంటున్న గీత ఒక్కసారిగా మైనస్ 60 కిందికి జారిపోయింది. పిన్ను మళ్లీ పెడితే మళ్లీ పైకి లేచింది. మీకూ ఇలాంటి మోత ఉంటే మిగతావన్నీ వదిలేసి ముందు ఈ ఒక్క పరీక్ష చేయండి. అర నిమిషం కూడా పట్టదు.

జాక్ మైకు

జాక్‌కి పెట్టుకునే మైకు చవక. కాలర్ మైకైతే వైరు పొడుగ్గా ఉంటుంది, చీర కొంగుకి గుచ్చితే నోటికి జానెడు దూరంలో ఉంటుంది. పాడేవాళ్లు మైకు సంగతే మర్చిపోతారు. ముసలివాళ్ల దగ్గర ఇది చాలా పెద్ద లాభం. ఎదురుగా పెద్ద మైకు కనపడితే మా అమ్మమ్మ గొంతు సవరించుకుని ఉపన్యాసంలా మొదలుపెడుతుంది.

చిక్కంతా ప్లగ్ దగ్గర వస్తుంది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో హెడ్‌ఫోన్స్‌కి, మైకుకి కలిపి ఒకే రంధ్రం ఉంటుంది. మీ ప్లగ్ మీద నల్ల గీతలు లెక్కపెట్టండి. మూడు గీతలుంటే నాలుగు భాగాల ప్లగ్, ఆ రంధ్రానికి సరిపోతుంది. రెండే గీతలుంటే ల్యాప్‌టాప్ దాన్ని హెడ్‌ఫోన్స్ అనుకుంటుంది, రికార్డింగ్ మాత్రం తన లోపలి మైకు నుంచే చేస్తుంది. మీరు కొంగుకి గుచ్చిన మైకులో పాడుతున్నారనుకుంటారు, అది ఫ్యాను చప్పుడుతో కలిపి దూరం నుంచి వింటుంటుంది. అనుమానముంటే కాలర్ మైకు మీద గోటితో టకటక కొట్టి, తర్వాత కీబోర్డు పక్కన కొట్టండి. మీటర్ దేనికి ఎగిరితే వినేది అదే. రెండు గీతల ప్లగ్ ఉంటే మైకుకి, హెడ్‌ఫోన్స్‌కి విడివిడిగా రంధ్రాలున్న చిన్న స్ప్లిటర్ కొనుక్కోవాలి.

అది సరిపోయినా శబ్దం సన్నగా వస్తోందంటే లినక్స్‌లో టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే కిటికీ) తెరిచి ఆల్సామిక్సర్ (alsamixer) అని కొట్టండి. ఎఫ్6 నొక్కి సౌండ్ కార్డు ఎంచుకోండి, ఎఫ్4 నొక్కితే రికార్డింగ్ గీతలు కనిపిస్తాయి. క్యాప్చర్ ఆగిపోయి ఉంటే స్పేస్‌బార్‌తో ఆన్ అవుతుంది. అక్కడే మైక్ బూస్ట్ ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఒక్కో మెట్టుకీ 10 డెసిబెల్స్ పెరుగుతుంది. గొంతు పెరుగుతోంది కదా అని చివరి మెట్టు దాకా తోసేస్తారు, నేనూ తోశాను. బూస్ట్‌కి పాటా మోతా తేడా తెలియదు, రెండింటినీ అంతే పెంచుతుంది. ఒక మెట్టు దగ్గర ఆపేసి, మైకునే నోటికి ఇంకాస్త దగ్గరగా జరపాలి.

భజన మందిరంలో వాడే పెద్ద మైకుని కన్వర్టర్ వైరుతో ఈ రంధ్రానికి పెట్టకండి. దాని శబ్దం బాగా బలహీనం, జాక్ దాన్ని మోయలేదు.

ఇక ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తే మోత పోతుంది కదా అంటారా? పోతుంది. నా పాత బ్యాటరీ నలభై నిమిషాలే వచ్చింది. పాట ఊపందుకునే వేళకి స్క్రీన్ మీద హెచ్చరిక మొదలైంది. కొత్త బ్యాటరీ ఉన్నవాళ్లకి ఇదే అన్నిటికన్నా తక్కువ ఖర్చు దారి.

యూఎస్‌బీ

యూఎస్‌బీ మైకులో సౌండ్ కార్డు లోపలే ఉంటుంది. శబ్దం అక్కడే అంకెలుగా మారి వైరులోకి వస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ లోపలి గోల, ఛార్జర్ మోత దానికి చాలావరకు అంటవు. నా దగ్గరున్న దాంతో ఛార్జర్ పెట్టి, తీసి, రెండు విధాలా చూశాను. మీటర్ కదల్లేదు.

మైకు కొనేంత డబ్బు ఇప్పుడే పెట్టలేకపోతే మధ్యదారి ఒకటుంది. బొటనవేలంత యూఎస్‌బీ సౌండ్ కార్డు కంప్యూటర్ షాపుల్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. గులాబీ రంగు రంధ్రం మైకుకి, ఆకుపచ్చది హెడ్‌ఫోన్స్‌కి. ఇక్కడ ప్లగ్ లెక్క తిరగబడుతుంది: రెండు గీతల ప్లగ్ నేరుగా సరిపోతుంది, మూడు గీతల ఫోన్ మైకుకి కన్వర్టర్ కావాలి. పెద్ద నాణ్యత ఉండదు కానీ కరెంటు మోత పోవడానికి ఇది చాలు. డబ్బు తక్కువున్నవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే.

యూఎస్‌బీకి కూడా పట్టింపులున్నాయి. ఆడాసిటీ తెరిచాక మైకు గుచ్చితే అది జాబితాలో కనపడదు. రీస్కాన్ ఆడియో డివైసెస్ నొక్కాలి, లేదా ఆడాసిటీ మూసి తెరవాలి. కనపడినా వేరే మైకు నుంచి వింటోందేమో చూసుకోవాలి. దానికి లినక్స్‌లో పావుకంట్రోల్ (pavucontrol) అనే చిన్న సాఫ్ట్‌వేర్ వేసుకోండి. రికార్డింగ్ నడుస్తుండగానే దాని రికార్డింగ్ ట్యాబ్ తెరిస్తే ఆడాసిటీ ఎక్కడినుంచి వింటోందో అక్కడ రాసి ఉంటుంది, అక్కడే మార్చుకోవచ్చు. 'మానిటర్ ఆఫ్' అని మొదలయ్యేది ఎంచుకుని ఉంటే కంప్యూటర్ స్పీకర్లోకి పంపే శబ్దమే రికార్డవుతుంది, మీ గొంతు రాదు. విండోస్ వాడేవాళ్లు ప్రైవసీ సెట్టింగ్స్‌లో డెస్క్‌టాప్ యాప్‌లకి మైకు అనుమతి ఉందో లేదో చూడండి. అది ఆపేసి ఉంటే ఆడాసిటీలో గీత తిన్నగా, చచ్చినట్టు ఉంటుంది.

ఇద్దరు ఎదురెదురుగా పాడే పాటలకి రెండు యూఎస్‌బీ మైకులు పెట్టాలనుకుంటే మాత్రం కుదరదు. ఆడాసిటీ ఒకేసారి ఒక పరికరం నుంచే వింటుంది. అలాంటప్పుడు రెండు మైకులు పట్టే ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి, అది ఖర్చుతో కూడిన పని.

ఫోను

ఫోన్ని తక్కువగా చూడను. అందరి దగ్గరా ఉంది, బ్యాటరీ మీద నడుస్తుంది కాబట్టి కరెంటు మోత రాదు. కానీ చాలా ఫోన్లు మాటల కోసం శబ్దాన్ని తమంతట తామే సరిచేస్తాయి. పాటలో చివరి అక్షరాన్ని సాగదీసి సన్నగా వదిలేచోట దాన్ని చప్పుడనుకుని కోసేస్తాయి. మధ్యలో ఫోన్ వస్తే సరేసరి, ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాల్సిందే. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే బాగా కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపాలి, లేదా కేబుల్‌తో ఎక్కించుకోవాలి. ఫోన్ ఇచ్చే ఎం4ఏ ఫైలు ఆడాసిటీలో తెరుచుకోకపోతే ఎఫ్ఎఫ్ఎంపెగ్ (FFmpeg) అనే సాఫ్ట్‌వేర్ కూడా వేసుకోండి.

బ్లూటూత్ హెడ్‌సెట్ సంగతి ఒక్క మాటలో: వద్దు. మైకు ఆన్ కాగానే ఫోన్ కాల్ నాణ్యతకి దిగిపోతుంది.

సాఫ్ట్‌వేర్‌లో నా ఓటు ఆడాసిటీకే. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో డొమినిక్ మజోనీ, రోజర్ డానెన్‌బర్గ్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ 2000లో బయటికొచ్చింది, ఇప్పటికీ ఉచితమే. ఆర్డోర్ గొప్పదే, డప్పుకి, హార్మోనియానికి, గొంతుకి విడివిడి ట్రాకులు పెట్టి కలిపేవాళ్లకి అదే సరైనది. ఒక్క గొంతు దాచుకోవడానికి అంత నేర్చుకోనక్కర్లేదు. ఆడాసిటీలో మోనో (ఒకే ఛానల్) ఎంచుకోండి, లేకపోతే కొన్ని మైకులతో ఒక చెవిలోనే వినిపిస్తుంది. గట్టిగా పాడిన చోట మీటర్ మైనస్ 12, మైనస్ 6 మధ్యలో ఆడాలి. సున్నాని తాకితే ఆ ముక్క పగిలిపోయినట్టే, తర్వాత బాగుచేయలేం. 44,100 హెర్ట్జ్, 16 బిట్ మోనో వేవ్ ఫైలు నిమిషానికి దాదాపు 5 ఎంబీ, గంటకి 320 లోపే. ఎంపీ3గా కుదించి దాచాల్సినంత ఇరుకు ఇవాళ ఎవరి డిస్కులోనూ లేదు.

ఉగాదికి మళ్లీ వెళ్లాను. ఈసారి ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ మైకు, పక్కన ఏరోప్లేన్ మోడ్‌లో ఫోను, రెండూ ఒకేసారి నడిపాను. ఒకటి ఆగినా ఇంకొకటి ఉంటుంది. నులకమంచం మీద బొంతలు పరిచి, గొంతు గోడలకి కొట్టుకుని మారుమోగకుండా రెండు దుప్పట్లు వెనక గోడకి వేలాడదీసి, పాడుతున్నంతసేపూ ఫ్యాను ఆపాం. చెమటలు పట్టినా అమ్మమ్మ ఏమీ అనలేదు. మొదలుపెట్టేముందు ఎవరూ మాట్లాడకుండా పది సెకన్లు ఖాళీగా రికార్డు చేశాను, తర్వాత మోత తగ్గించే ఆడాసిటీ ఎఫెక్ట్ నాయిస్ రిడక్షన్‌కి ఆ ముక్క నమూనాగా పనికొస్తుంది.

సంక్రాంతి నాటి ఆ రెండు చరణాలని కూడా వదల్లేదు. 100 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది శబ్దాల్ని తగ్గించేది) పెడితే అడుగు మోత చాలావరకు పోయింది. మిగిలినదానికి పాట మొదలుకాకముందున్న మోత ముక్కతో నాయిస్ రిడక్షన్ చేశాను. 24 డెసిబెల్స్ పెడితే గొంతు నీళ్లలోంచి పలికినట్టయింది, 8 దగ్గర ఆపాను. మోత కొంచెం ఉంది, గొంతు మాత్రం ఆమెదే. శుభ్రం చేసింది ఒక ఫైలు, ముట్టుకోని అసలుది ఒక ఫైలు, రెండూ పెన్‌డ్రైవ్‌లో పెట్టి అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉంచి వచ్చాను.