వాన వెలిసిన మర్నాడు: అమ్మానాన్నలతో యార్క్‌షైర్ డేల్స్‌లో ఐదు రాత్రులు

ఉత్తర ఇంగ్లండ్‌లో కొండలూ లోయలూ ఉన్న ప్రాంతం యార్క్‌షైర్ డేల్స్. అక్కడి ఏస్‌గార్త్ జలపాతాన్ని మేం రెండుసార్లు చూశాం. మొదటిసారి శనివారం సాయంత్రం, మంచి ఎండలో. రెండోసారి మంగళవారం పొద్దున, రోజంతా కురిసిన వాన వెలిశాక. శనివారం యూర్ నది బల్లపరుపు రాతిమెట్ల మీంచి పాయలు పాయలుగా జారుతోంది. పిల్లలు బూట్లు విప్పేసి ఆ బండల మీద నీళ్లలో ఆడుకుంటున్నారు. మంగళవారం ఆ బండలే కనబడలేదు. ఒడ్డు నుంచి ఒడ్డుదాకా టీ డికాషన్ రంగు నీళ్లు, నురగ, పక్కనున్న మనిషి మాట కూడా వినబడనంత హోరు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని "మొన్న మనం వచ్చింది ఇక్కడికేనా?" అంది.

వాతావరణం యాప్‌లో వాన బొమ్మ కనబడగానే ప్రయాణం మానుకునే అలవాటు ఇంగ్లండ్‌లో ఉండే మనవాళ్లలో చాలామందికి ఉంది. నాకూ ఉండేది. వానలో తడుస్తూ తిరగమని చెప్పడం లేదు. వాన పడ్డ మర్నాడు అక్కడ ఉండేలా చూసుకోండి. ఈ నదులు గోదావరిలా నెలల తరబడి నిండుగా పారేవి కావు. కొండ మీద పడ్డ వాన గంటల్లో కిందికి దిగుతుంది, ఒకటి రెండు రోజుల్లో నీళ్లు తగ్గిపోతాయి. ఆ రంగు చూసి మురికి నీళ్లనుకోకండి. కొండల మీద పీట్ అనే నల్లటి నేల ఉంటుంది. వేల ఏళ్లుగా నాచు, గడ్డి సగం కుళ్లి పేరుకున్న మట్టి అది. దాన్లో ఊరి రావడం వల్ల నీళ్లకు ఆ రంగు.

మేం ఉండేది మిల్టన్ కీన్స్‌లో. అమ్మానాన్న ఏప్రిల్‌లో రాజమండ్రి నుంచి వచ్చారు. లండన్, బాత్ అన్నీ చూపించాక నాన్న "పట్నాలు చూశాం, పల్లెలు చూడలేదే అమ్మా" అన్నారు. అందుకే మే నెలాఖరు స్కూలు సెలవుల్లో ఈ ప్రయాణం పెట్టుకున్నాం. అమ్మకు రెండు మోకాళ్లూ నొప్పే, మా బాబుకు తొమ్మిదేళ్లు. ఎక్కడెక్కడికి వెళ్లాలో చాలావరకు అమ్మ మోకాళ్లను బట్టే నిర్ణయించాం. ఇంట్లో పెద్దవాళ్లున్న వాళ్లకు పనికొస్తుందని నడక సంగతులు విడిగా చెప్తున్నాను.

ఏ1 రోడ్డు వదిలి ఏ684 ఎక్కితే వెన్స్‌లీడేల్ లోయ మొదలవుతుంది. సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలు కొండల మీదిదాకా పాకుతాయి. ఒక్కో పచ్చిక మడిలో ఒక్కో రాతి కొట్టం. పూర్వం గడ్డీ పశువులూ వాటిలోనే ఉండేవట. మే నెలాఖరుకు పచ్చిక నిండా పసుపుపచ్చ పూలు. రాత్రి తొమ్మిది దాటినా వెలుగు ఉంటుంది కాబట్టి సాయంత్రాలు చాలా పెద్దవి. ఆ వెలుగు కోసమే మళ్లీ ఇదే నెలలో వెళ్తాను.

బస దగ్గరే మేం ఇబ్బంది పడ్డాం. హాస్ అనే చిన్న ఊరికి దగ్గర్లో ఒక పాత రాతి కాటేజీ తీసుకున్నాం. ఫొటోల్లో చాలా బాగుంది, నిజంగానూ అందమైనదే. పడకగదులు మేడ మీద, బాత్రూం కింద. మధ్యలో నిచ్చెనలాంటి ఇరుకు మెట్లు, ఒకవైపు పట్టుకోవడానికి కమ్మీ కూడా లేదు. ప్రకటనలో ఈ సంగతి ఒక్క ముక్క రాయలేదు. యజమానికి ఫోన్ చేస్తే పాత ఇళ్లన్నీ ఇంతే అన్నారు. అమ్మకు ముందుగదిలో సోఫా మీద పక్క వేశాం. ఐదు రాత్రులూ ఆవిడ అక్కడే పడుకుంది. నాకు ఆ బాధ ఇంకా ఉంది. డబ్బు కట్టే ముందే మూడు ప్రశ్నలు అడగండి: బాత్రూం ఏ అంతస్తులో ఉంది, మెట్లకు కమ్మీ ఉందా, హీటింగ్ మన చేతిలో ఉంటుందా. మే నెలలో కూడా రాత్రిళ్లు స్వెట్టర్ వేసుకునేంత చలి ఉంటుంది.

ఇంత జరిగినా, కుటుంబంతో వెళ్తే కాటేజీయే మేలంటాను. కారణం వంటగది. పల్లెల్లో పబ్బుల వంటగదులు మధ్యాహ్నం రెండింటికల్లా మూసేస్తారు, రాత్రి ఎనిమిదిన్నర దాటితే చాలాచోట్ల ఏమీ దొరకదు. శాకాహారమంటే ఒకటో రెండో రకాలు. మేం డిక్కీలో రైస్ కుక్కర్, బియ్యం, కందిపొడి, ఊరగాయ పెట్టుకుని వెళ్లాం. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాల్లో సర్దుకుంటే మధ్యాహ్నానికి టెన్షన్ ఉండేది కాదు. ఇద్దరే వెళ్తే మాత్రం బ్రేక్‌ఫస్ట్‌తో గది ఇచ్చే బీ అండ్ బీ హాయి. చవగ్గా కావాలంటే మాలమ్ అనే ఊళ్లో యూత్ హాస్టల్ ఉంది.

ఇక జలపాతాలు. ఏస్‌గార్త్‌లో మూడున్నాయి: ఎగువ, నడిమి, దిగువ. మూడూ కలిపి మైలు లోపే. కారు పార్కింగ్, టాయిలెట్లు, సమాచార కేంద్రం దగ్గరదగ్గరగా ఉన్నాయి. పార్కింగ్‌కు డబ్బు కట్టాలి. ఎగువ జలపాతం అమ్మ నిదానంగా నడిచి చూసింది. మిగతా రెండింటికి అడవిలోంచి దారి, కొన్ని మెట్లు. మంగళవారం అమ్మ నడిమి దానిదాకా వచ్చి అక్కడే బెంచీ మీద కూర్చుంది. వాన పడ్డాక మాత్రం పిల్లల్ని బండల మీదికి పోనివ్వకండి. సున్నపురాయి తడిస్తే సబ్బులా జారుతుంది.

హార్డ్రా ఫోర్స్ అనే జలపాతం ఆ మంగళవారమే మధ్యాహ్నం చూశాం. హాస్‌కు ఆనుకునే ఉంది. గ్రీన్ డ్రాగన్ అనే పాత పబ్ దగ్గర్నుంచి దారి, కొద్దిపాటి టికెట్, పది నిమిషాల నడక, దాదాపు అంతా చదునే. నేల మీద ఒకే దూకున పడే జలపాతాల్లో ఇంగ్లండ్‌లో ఇదే ఎత్తైనది, సుమారు 30 మీటర్లు. గేపింగ్ గిల్ అనే బిలంలోకి పడే ధార దీనికి మూడింతలు ఉంటుంది, కానీ అది భూగర్భంలో. తలకోన చూసినవాళ్లకు 30 మీటర్లు ఒక లెక్కా అనిపించొచ్చు. ఎత్తు కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు. ఇక్కడ మనల్ని ఆపేది ఆ చోటు. మూడు వైపులా గుండ్రంగా నిలబడ్డ కొండరాయి, మధ్యలో నిటారుగా దిగే ధార, తుంపర మొహానికి తగులుతుంటే చల్లటి తడి రాతి వాసన. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. అమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ "శివాలయంలో అభిషేకంలా ఉంది" అంది. ఈ ప్రయాణంలో ఒక్కచోటుకే వెళ్లగలిగితే నేను హార్డ్రాకే వెళ్తాను.

ఫోర్స్ అంటే ఇక్కడ బలం కాదు. వెయ్యేళ్ల కిందట స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడ్డ నార్స్ జనం జలపాతాన్ని ఫోస్ అనేవారు, ఆ మాటే ఇలా మిగిలింది. లోయను డేల్ అనడమూ వాళ్ల భాషతో చుట్టరికమున్న మాటే.

ఇంగిల్టన్ జలపాతాల దారి నేనూ మావారూ బాబూ ముగ్గురమే వెళ్లాం. 1885 నుంచి జనం టికెట్ కొని నడుస్తున్న దారి. ట్విస్, డో అనే రెండు నదుల వెంబడి చుట్టి వచ్చే ఏడు కిలోమీటర్లు. మాకు నాలుగు గంటలు పట్టింది. మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లను తీసుకెళ్లొద్దు. టికెట్ కాస్త ఖరీదే అనిపించింది గానీ పార్కింగ్ అందులోనే కలిసి ఉంది, దారి శుభ్రంగా ఉంది. థోర్న్‌టన్ ఫోర్స్ ఎత్తు 14 మీటర్లే. నీళ్ల వెనక రాతిని చూడండి. పైన పొరలు పొరలుగా పడుకున్న సున్నపురాయి, దాని కింద నిలువుగా తిరిగిన పలకరాయి. ఆ రెండింటి వయసుకూ మధ్య పది కోట్ల ఏళ్లకు పైగా తేడా. మా బాబు ఆ గీత మీద వేలు పెట్టి చూపిస్తూ ఫొటో దిగాడు.

హాస్ నుంచి ఇంగిల్టన్ వెళ్లే రోడ్డు మీదే రిబుల్‌హెడ్ రైలు వంతెన వస్తుంది. ఆదివారం మేం అందరం కలిసి అక్కడికి వెళ్లాం. నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, ఆర్చీలున్న వంతెన అంటే ఆయనకు ప్రాణం. ఇక్కడ 24 ఆర్చీలు, 400 మీటర్ల పొడవు, 32 మీటర్ల ఎత్తు, 1870లలో కట్టారు. పనివాళ్లు ఈ గాలికొండ మీదే గుడిసెలు వేసుకుని కుటుంబాలతో బతికారు. ప్రమాదాల్లో, మశూచితో వంద మందికి పైగా పోయారు. నాన్న వంతెన కింద నిలబడి ఒక రాయి మీద చెయ్యి వేసి ఉండిపోయారు. 1980లలో ఈ లైను మూసేయాలనుకున్నారని, జనం పోరాడి 1989లో కాపాడుకున్నారని చెప్తే ఆయన మొహం వెలిగిపోయింది. కారు లేనివాళ్లు లీడ్స్‌లో ఈ రైలెక్కి గార్స్‌డేల్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి హాస్‌కు లిటిల్ వైట్ బస్ అనే చిన్న బస్సు ఉంది. రోజుకు కొన్ని ట్రిప్పులే, వేళలు ముందే చూసుకోండి.

సోమవారం వాన. హాస్‌లో చీజ్ తయారుచేసే వెన్స్‌లీడేల్ క్రీమరీకి వెళ్లి మధ్యాహ్నం గడిపాం. ఇక్కడివాళ్లు ఆ చీజ్‌ను ఫ్రూట్ కేక్‌తో కలిపి తింటారు. అమ్మకు నచ్చలేదు, నాన్న రెండోసారి అడిగి తిన్నారు.

తిరుగు ప్రయాణంలో మాలమ్‌లో ఆగాం. పార్కింగ్‌కు చాలా కష్టం, పది గంటల లోపే చేరుకోవాలి. జానెట్స్ ఫోస్ చిన్న జలపాతం, అడవిలో నడక. దారి పొడవునా అడవి వెల్లుల్లి వాసన. దారిలో పడి ఉన్న చెట్టు మానుల్లోకి జనం నాణేలు దిగ్గొట్టారు. "ముడుపులు!" అంది అమ్మ. జానెట్ అంటే ఆ జలపాతం వెనక గుహలో ఉండే అప్సరల రాణి అట, కాబట్టి అమ్మ అన్నది సరిపోయింది. మాలమ్ కోవ్ 80 మీటర్ల సున్నపురాతి గోడ. దాని అడుగుదాకా దారి చదును, అమ్మ వచ్చింది. పైకి 400 మెట్లు, మేం ఎక్కలేదు. మంచుయుగం చివర్లో ఆ గోడ మీంచి పెద్ద జలపాతం పడేది. తర్వాత నీళ్లు నేలలోకి ఇంకిపోయాయి, ఇప్పుడు గోడ కింద నుంచి మెల్లగా బయటికి వస్తాయి. 2015 డిసెంబరు తుఫానులో ఒకసారి మళ్లీ పైనుంచి దూకింది. అది చెప్పగానే నాన్న తల పైకెత్తి ఆ గోడను చాలాసేపు చూశారు.

అమ్మానాన్న సెప్టెంబరు ఆఖర్లో వెళ్లిపోతారు. ఈలోగా మంచి వాన పడ్డ ఒక వారాంతం చూసి టీస్ నది మీది హై ఫోర్స్‌కు తీసుకెళ్తాను. ఈసారి కింది అంతస్తులోనే గది కావాలని రెండు చోట్లకు మెయిల్ పెట్టాను. జవాబు రావాలి.