ఫ్రీబీఎండీ సమీక్ష: మేరీ కెల్లీ పుట్టింటిని వెతకడానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఇంగ్లండ్, వేల్స్‌లలో జనన, వివాహ, మరణాలను ప్రభుత్వమే నమోదు చేసే పద్ధతి 1837 జులై 1న మొదలైంది. ఆ రిజిస్టర్లకు మూడు నెలలకొకసారి తయారైన ఇండెక్సులను స్వచ్ఛంద కార్యకర్తలు వరుస వెంట వరుస చదివి టైపు చేసి, ఎవరైనా పైసా కట్టకుండా వెతుక్కునేలా పెట్టిన వెబ్‌సైటు ఫ్రీబీఎండీ. 1998లో మొదలైన ఆ పని ఇప్పటికీ సాగుతూనే ఉంది. శ్రీకాకుళంలో దస్తావేజు లేఖరిగా పనిచేసి మానుకున్న నాకు ఇండెక్సులతో సహవాసం పాతదే కాబట్టి, ఈ సైటును సులువుగా దొరికే పేర్లతో సరిపెట్టకుండా, 130 ఏళ్ళకు పైగా ఎవరికీ తేలని ఒక పేరుతో పరీక్షించి చూశాను.

ఆ పేరు మేరీ జేన్ కెల్లీ. పత్రికలు జాక్ ద రిప్పర్ అని పిలిచిన హంతకుడి చేతిలో 1888లో తూర్పు లండన్‌లో చనిపోయారని సాధారణంగా లెక్కించే ఐదుగురు స్త్రీలలో ఆమె చివరిది. నవంబరు 9 ఉదయం, స్పిటల్‌ఫీల్డ్స్‌లో డోర్సెట్ వీధిని ఆనుకుని ఉన్న మిల్లర్స్ కోర్టులో, అద్దె బకాయి అడిగి రమ్మని ఇంటి యజమాని పంపిన మనిషి 13వ నంబరు గది కిటికీలోంచి ఆమె శవాన్ని చూశాడు. ఆ గదిలో తీసిన ఫొటో ఇంటర్నెట్‌లో ఎక్కడ పడితే అక్కడ కనిపిస్తుంది. ఆమె ఎవరి బిడ్డో తెలుసుకోవడానికి ఆ ఫొటో చూడవలసిన అవసరం మాత్రం ఎవరికీ లేదు. తక్కిన నలుగురి పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవే. ఎలిజబెత్ స్ట్రైడ్ 1843లో స్వీడన్‌లోని టోర్స్‌లాండాలో పుట్టింది. క్యాథరిన్ ఎడ్డోస్ వుల్వర్‌హాంప్టన్‌లో తగరపు రేకుల పనివాడి కూతురు. కెల్లీ విషయంలో మనకున్నదల్లా ఆమెతో ఏడాదిన్నర కాపురం చేసిన జోసెఫ్ బార్నెట్ నవంబరు 12న కరోనర్ (అనుమానాస్పద మరణాల మీద విచారణ జరిపే అధికారి) విచారణలో ఇచ్చిన వాంగ్మూలం, అదీ ఆమె తనతో చెప్పగా విన్న సంగతులు.

ఆ వాంగ్మూలం ప్రకారం ఆమె ఐర్లండ్‌లోని లిమరిక్‌లో పుట్టి, చిన్నప్పుడే తల్లిదండ్రులతో వేల్స్‌కు వచ్చింది. తండ్రి జాన్ కెల్లీ ఒక ఇనుప కర్మాగారంలో మేస్త్రీ. అన్నదమ్ములు చాలామంది, వారిలో ఒకడు స్కాట్స్ గార్డ్స్ అనే పటాలంలో సిపాయి. పదహారేళ్ళకు డేవిస్ అనే బొగ్గుగని కార్మికుణ్ణి పెళ్ళాడింది, రెండు మూడేళ్ళకే అతడు గనిలో పేలుడు జరిగి చనిపోయాడు. తరువాత ఆమె కార్డిఫ్‌లో ఒక బంధువు దగ్గర కొంతకాలం ఉండి, 1884 ప్రాంతంలో లండన్ చేరింది. ఇంటి యజమాని మాత్రం తల్లి ఐర్లండ్‌లోనే ఉందనీ, అప్పుడప్పుడు ఉత్తరాలు వచ్చేవనీ పత్రికలవారితో చెప్పాడు. తల్లి ఐర్లండ్‌లో, తండ్రి వేల్స్‌లో ఉన్నారా, లేక బార్నెట్, ఇంటి యజమానులలో ఒకరు చెప్పినది తప్పా అన్నది అప్పుడే ఎవరూ అడగలేదు.

సైటు సంగతికి వస్తే, మొదట అది ఏమి కాదో చెప్పాలి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పేర్ల ఇండెక్సు వేరు, దస్తావేజు వేరు. ఈసీలో ఒక ఎంట్రీ వచ్చినంత మాత్రాన భూమి మనం అనుకుంటున్న మనిషిదే అని ఎవరూ సంతకం పెట్టరు. నకలు తీయించి, తండ్రి పేరు, సరిహద్దులు చూసిన తరువాతే మాట్లాడతారు. ఫ్రీబీఎండీ కూడా ఇండెక్సే. పేరు, త్రైమాసికం, రిజిస్ట్రేషన్ జిల్లా, వాల్యూమ్, పేజీ, 1866 నుంచి మరణాలకు వయస్సు: ఇంతకు మించి అది ఇవ్వదు. తల్లి పుట్టింటిపేరు జననాల ఇండెక్సులో కనిపించేది 1911 సెప్టెంబరు త్రైమాసికం నుంచే. తల్లిదండ్రుల పేర్లు కావాలంటే జనరల్ రిజిస్టర్ ఆఫీసుకు రుసుము కట్టి ధ్రువపత్రం నకలు తెప్పించుకోవలసిందే. చాలామంది వంశవృక్షాలు కూలిపోయేది ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లనే.

ఆ ఐదుగురిలో తక్కిన స్త్రీల తెలిసిన పెళ్ళి తేదీలతో పరీక్షిస్తే సైటు బాగానే నెగ్గుతుంది. మేరీ ఆన్ నికల్స్ పెళ్ళి 1864 జనవరి 16న జరిగింది కాబట్టి మార్చి త్రైమాసికంలోను, ఆనీ చాప్మన్ పెళ్ళి 1869 మే 1న జరిగింది కాబట్టి జూన్ త్రైమాసికంలోను వెతకాలి. స్ట్రైడ్ పెళ్ళి 1869 మార్చి 7న జరిగింది గాని, ఆమె స్వీడిష్ ఇంటిపేరును ఇంగ్లిషు గుమాస్తా తన చెవికి తోచినట్టు రాసుకున్నాడు. అటువంటి చోట మొదటి నాలుగక్షరాలు కొట్టి నక్షత్రం గుర్తు పెడితే, తరువాతి స్పెల్లింగు ఏదైనా సైటు పట్టుకుంటుంది. ఉచ్చారణను బట్టి వెతికే సదుపాయం కూడా ఉంది గాని, కెల్లీ వంటి పేరుకు దాన్ని వాడితే కుప్పలు తెప్పలుగా వచ్చి పడతాయి. 1912కు ముందు వివాహాల ఇండెక్సులో ఎవరు ఎవరిని పెళ్ళాడారో ఉండదు. అందుకు ఇక్కడొక మంచి ఏర్పాటు చేశారు: పేజీ నంబరు మీద నొక్కితే ఆ పేజీలో నమోదైన పేర్లన్నీ ఒకచోట వస్తాయి. సాధారణంగా పేజీకి రెండు పెళ్ళిళ్ళు, నాలుగు పేర్లు. జంటలెవరో చాలాసార్లు ఊహించవచ్చు, రూఢి చేసుకోవడానికి మళ్ళీ నకలే కావాలి. కళ్ళద్దాల బొమ్మ నొక్కితే అసలు ఇండెక్సు పేజీ స్కాను కనిపిస్తుంది. టైపు చేసినవారి మాట మీద ఆధారపడకుండా మన కళ్ళతో మనం చదువుకునే వీలు ఇవ్వడం నాకు అన్నిటికంటె నచ్చింది.

కెల్లీ దగ్గరికి వచ్చేసరికి మొదటి అడుగులోనే నేల జారిపోతుంది. చనిపోయేనాటికి ఆమెకు సుమారు 25 ఏళ్ళు అంటే పుట్టినది 1863 ప్రాంతం. ఐర్లండ్‌లో జననాల నమోదు మొదలైంది 1864 జనవరి 1న. పైగా ఫ్రీబీఎండీలో ఐర్లండ్ లేనే లేదు. ఆ దేశపు ప్రభుత్వ రికార్డులకు వేరే ఉచిత సైటు ఉంది, క్యాథలిక్ చర్చి బాప్తిస్మ రిజిస్టర్ల చిత్రాలను ఐర్లండ్ జాతీయ గ్రంథాలయం 2015లో ఉచితంగా పెట్టింది. కాని లిమరిక్ అన్నది పట్టణమో, జిల్లా మొత్తమో తెలియకుండా మేరీ కెల్లీని, అందులోనూ జాన్ కెల్లీ కూతురైన మేరీ కెల్లీని వెతకడమంటే ఎంతమంది దొరుకుతారో చెప్పనక్కరలేదు. అక్కడి జనాభా లెక్కలైనా ఆదుకుంటాయా అంటే, 1861, 1871 నాటి కాగితాలను ప్రభుత్వమే నాశనం చేసింది. అంతకు ముందువాటిలో చాలా భాగం 1922లో డబ్లిన్ రికార్డు ఆఫీసు తగలబడినప్పుడు పోయాయి.

ఇక వేల్స్. తండ్రి పనిచేసినది కార్మార్థెన్ జిల్లాలోనో కార్నార్వన్ జిల్లాలోనో అని బార్నెట్ వాంగ్మూలంలో ఉంది. వినడానికి దగ్గరగా ఉన్న ఈ రెండు పేర్లలో ఒకటి దక్షిణ వేల్స్, మరొకటి ఉత్తర వేల్స్. ఆ కాలపు ఇండెక్సులో మొదటిది వాల్యూమ్ 11ఎ కిందికి, రెండవది 11బి కిందికి వస్తాయి. సాక్షి నోట తడబడిన ఒక్క ఊరిపేరు వెతుకులాటను ఒక వాల్యూమ్ నుంచి మరో వాల్యూమ్‌కు తోసేస్తుంది. ఆమె నిజానికి వేల్స్‌లోనే పుట్టి ఐర్లండ్ మాట కల్పించి ఉంటే జననాల ఇండెక్సు పనికి రావాలి గాని, బిడ్డ పుట్టుకను నమోదు చేయించని తల్లిదండ్రులకు జరిమానా పడడం మొదలైంది 1875 నుంచి. 1863లో ఒక బిడ్డ పేరు ఎక్కకపోయినా ఆశ్చర్యం లేదు.

పెళ్ళి కథ మీద నాకు ఆశ ఎక్కువగా ఉండేది. 1879 ప్రాంతంలో మేరీ కెల్లీ, డేవిస్ అనే రెండు పేర్లు ఒకే పేజీలో పడాలి. తరువాత రెండు మూడేళ్ళలో ఇరవై దాటిన డేవిస్ ఒకడు ఏదో గని ఉన్న రిజిస్ట్రేషన్ జిల్లాలో చనిపోవాలి. ఆ రోజుల్లో దక్షిణ వేల్స్ గనుల్లో పేలుళ్ళకు కొదవ లేదు: 1880 జులైలో రిస్కాలో 120 మంది, అదే ఏడాది డిసెంబరులో పెనిగ్రెయిగ్‌లో 101 మంది చనిపోయారు. మృతుల వివరాల కోసం వేల్స్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టిన పాత పత్రికలను ఒక పక్కన, ఫ్రీబీఎండీ మరణాల ఇండెక్సును మరో పక్కన తెరిచి పోల్చుకోవచ్చు. ఈ రెండు సైట్లు కలిపి వాడితేనే అసలు ప్రయోజనం. అయితే వేల్స్‌లో డేవిస్ అన్న ఇంటిపేరు ఊరూరా ఉన్నదే, దానికి రెండు మూడు స్పెల్లింగులు. పైగా పేరు మోసిన ప్రమాదంలోనే చనిపోయాడని ఎక్కడా లేదు. ఒకరిద్దరిని పొట్టన పెట్టుకున్న చిన్న పేలుళ్ళు ఎన్నో.

ఇంత చెప్పి ఈ సైటు పనికిరాదంటానా అంటే, కానే కాదు. ఈమె ఫలానా అని నిరూపించడంలో కాదు, ఫలానా కాదని తేల్చడంలోనే దీని సత్తా కనిపిస్తుంది. కార్మార్థెన్‌లోనో కార్డిఫ్‌లోనో పుట్టిన మేరీ జేన్ కెల్లీ ఒకతె దొరికిందనుకోండి. వెంటనే సంబరపడకుండా 1888 నవంబరు తరువాతి వివాహాల్లో, మరణాల్లో ఆమె కోసం వెతకాలి, 1891 జనాభా లెక్కలు చూడాలి. 1890లో పెళ్ళి చేసుకున్న మనిషి 1888లో మిల్లర్స్ కోర్టులో చనిపోయి ఉండదు. ఈ వడపోతకు ఏళ్ళు, జిల్లాలు మార్చి మార్చి వెతకగలిగే ఉచిత ఇండెక్సు కంటె మంచి సాధనం లేదు. వడపోతలో మిగిలేవారు మిగిలినా, అందరూ ఒప్పుకున్న కుటుంబం ఇంతవరకు ఒక్కటీ లేదు. అసలు కెల్లీ అన్నది ఆమె పుట్టింటిపేరా, లండన్‌లో పెట్టుకున్న పేరా అన్నదే తేలలేదు.

డబ్బు కట్టించుకునే మరొక సైటును కూడా ఇదే పనికి వాడాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఫ్రీబీఎండీ దగ్గర సరిపోయినది లేకపోతే లేదనే వస్తుంది. అక్కడ మాత్రం పేరు కొట్టీ కొట్టకముందే తల్లి, తండ్రి, తోబుట్టువులు సిద్ధంగా ఉన్నారు. ఎవరో ఒక సభ్యుడు ఆధారం చూపకుండా పెట్టిన వంశవృక్షాన్ని మరికొందరు ఎత్తి తమ ఖాతాల్లో పెట్టుకున్నారు, ఆ కాపీల సంఖ్యే సాక్ష్యమన్నట్టుగా సైటు మనకు సూచనలు పంపుతుంది. అటువంటి వంశవృక్షంతో మా ఆఫీసు మెట్లు ఎక్కినవాణ్ణి వారసత్వ ధ్రువపత్రం తెచ్చుకోమని వెనక్కి పంపేవాళ్ళం.

మన జిల్లాల పాఠకులకు ఇక్కడొక పోలిక అక్కరకు వస్తుంది. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుంచి డర్బన్ చేరింది మొదలు 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా వెళ్ళినవారిలో గంజాం, విశాఖపట్నం జిల్లాల వాళ్ళు తక్కువేమీ కాదు. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలోనే ఉండేది. ఆ ఓడల జాబితాల్లో కూలీ పేరు పక్కన తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, ఊరు రాసి ఉంటాయి. కూలీలను గుర్తుపట్టడానికి రాసుకున్న రిజిస్టరే నేడు డర్బన్‌లోని మునిమనుమళ్ళకు ఇక్కడి ఊరు చూపిస్తోంది. లండన్ నడిబొడ్డున, దేశమంతా పత్రికల్లో చదివిన హత్యలో చనిపోయిన స్త్రీకి మాత్రం తండ్రి పేరు కూడా చెప్పుడు మాటే. కాబట్టి తాతలు నాటాల్‌కు వెళ్ళారని వెతికేవారికి ఫ్రీబీఎండీతో పని లేదు. బ్రిటన్‌లో స్థిరపడిన కుటుంబంతో సంబంధం కలిసినవారికి, మన జిల్లాల్లో పనిచేసి స్వదేశానికి తిరిగి వెళ్ళిన తెల్లదొరల గురించి స్థానిక చరిత్ర రాసేవారికి ఇది తప్పక ఉపయోగపడుతుంది.

వాడుకలో ఇబ్బందులు లేకపోలేదు. పేజీల రూపం పాతకాలపుది, రంగూ హంగూ ఏమీ లేవు. జిల్లాల జాబితా ఫోనులో వేలితో జరుపుకుంటూ పోతే విసుగు పుడుతుంది. కంప్యూటరు తెర మీద అయితే హాయి. అంతా ఇంగ్లిషే. ఊళ్ళు ఏ రిజిస్ట్రేషన్ జిల్లా కిందికి వస్తాయో తెలియనివారు ముందు దాన్ని తెలుసుకుని రావాలి. డిసెంబరు ఆఖరులో పుట్టిన బిడ్డ మార్చి త్రైమాసికంలో కనిపించవచ్చన్న చిన్న సంగతి కొత్తవారిని చాలా తిప్పుతుంది. ఉచిత సేవ కదా అని వీటిని వదిలేయకుండా లెక్కలోకి తీసుకున్నా, ఐదింటికి నాలుగున్నర మార్కులు వేస్తాను.

సైటును పరీక్షించదలచినవారు కెల్లీ మరణంతోనే మొదలుపెట్టవచ్చు. మేరీ జేన్ అని కొడితే రాదు. ఆమె లండన్‌లో ఫ్రెంచి పద్ధతిలో చెప్పుకున్న మేరీ జానెట్ (Marie Jeanette) అన్న పేరే విచారణలోను, శవపేటిక మీది రేకులోను, మరణ నమోదులోను నిలిచింది. ఇంటిపేరు కెల్లీ, వయస్సు 25, 1888 డిసెంబరు త్రైమాసికం, జిల్లా వైట్‌చాపెల్, వాల్యూమ్ 1సి. నకలు తెప్పించుకుంటే కెల్లీ పక్కన డేవిస్ అన్న రెండో ఇంటిపేరు కూడా కనిపిస్తుంది.