గిటార్ షీల్డింగ్‌కి రాగి టేప్ కొంటున్నారా? ముందు దాని జిగురు సంగతి చూసుకోండి

ఎలక్ట్రిక్ గిటార్‌లో గుయ్‌మనే గోల తగ్గించుకోవాలని లోపల అంటించడానికి (దీన్నే షీల్డింగ్ అంటారు) రాగి టేప్ కొనేవాళ్లందరికీ ఈ హెచ్చరిక. "గిటార్ షీల్డింగ్ టేప్, రెండు వైపులా కండక్టివ్" అని రాసి ఉంటే ఆన్‌లైన్‌లో ఒక రోల్ తెప్పించాను. దాని జిగురులోంచి కరెంట్ పారనే పారదు. రోల్ విప్పారు కాబట్టి వాపసు కుదరదని అమ్మినవాళ్లు తేల్చేశారు. రివ్యూలు తీరిగ్గా చదివితే, ఐదు స్టార్లు ఇచ్చినవాళ్లలో చాలామంది నత్తలు రాకుండా పూలకుండీలకు చుట్టుకున్నవాళ్లే.

నాది మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒక్కో తీగచుట్ట ఉన్న భాగాలు) స్ట్రాట్, అంటే ఫెండర్ స్ట్రాటోకాస్టర్, తరహా గిటార్. పికప్‌లు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు) విప్పి, లోపలి గుంత అంతా టేప్ ముక్కలు ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా అంటించాను. మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో (కరెంట్‌కి దారి ఉంటే బీప్ కొట్టే సెట్టింగ్) పెట్టి రెండు ప్రోబ్‌లూ ఒకే ముక్క మీద ఆనిస్తే బీప్ వచ్చింది. ఒక ప్రోబ్‌ని పక్క ముక్క మీదికి జరపగానే ఆగిపోయింది. అంటే గ్రౌండ్ వైరు సోల్డర్ చేసిన ముక్క ఒక్కటే పనిచేస్తోంది. గ్రౌండ్‌కి కలవని రాగి ఎంత ఉన్నా షీల్డ్ కాదు. అందుకే యాంప్‌లో (యాంప్లిఫయర్) గోల ఎప్పటిలాగే ఉంది.

కాబట్టి మొదట చిన్న రోల్ తెప్పించుకోండి. రెండు ముక్కలు కోసి, ఒక చెక్క మీద అంచులు కలిసేలా అంటించి గోరుతో గట్టిగా నొక్కండి. ఒక్కో ప్రోబ్ ఒక్కో ముక్క మీద పెట్టి ఓమ్స్ చూడండి. మంచి టేప్ అయితే ఒక ఓమ్ దరిదాపుల్లో చూపిస్తుంది. ఇప్పటికే అంటించేసి ఉంటే పీకేయక్కర్లేదు, ప్రతి అతుకు మీదా ఒక చుక్క సోల్డర్ వేస్తే చాలు, నాది అలాగే దారికొచ్చింది. ఏసీ డక్ట్‌లకు వేసే అల్యూమినియం టేప్‌తో ఈ వీలు కూడా లేదు, దానికి మామూలు సోల్డర్ పట్టదు. జాక్ (కేబుల్ గుచ్చే సాకెట్) ఉన్నచోట మాత్రం రాగి మీద ఇన్సులేషన్ టేప్ వేయండి. జాక్ టిప్ (సిగ్నల్ వెళ్లే కొస) రాగికి తగిలితే గిటార్ మూగబోతుంది.

"హమ్ పూర్తిగా పోతుంది" అనే ప్రకటనల్నీ నమ్మకండి. ట్యూబ్‌లైట్లు, డిమ్మర్లు, గోడలోని వైరింగ్ నుంచి వచ్చే బజ్‌ని రాగి రేకు బాగా తగ్గిస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ అయస్కాంత క్షేత్రం వల్ల పికప్‌లో పుట్టే 50 హెర్ట్జ్ హమ్‌ని అంత పల్చటి రేకు ఆపలేదు. గిటార్ పట్టుకుని కూర్చున్నచోటే పక్కకు తిరగండి. తిరిగిన కొద్దీ శబ్దం పెరిగి తగ్గుతుంటే అది ఆ హమ్మే. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవర్ రెండు కాయిల్స్‌తో హంబకర్ అనే పికప్ తయారుచేసింది దాన్ని వదిలించుకోవడానికే.

వీటన్నిటికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది టేప్ అమ్మినవాళ్లిచ్చిన సలహా. గోల తగ్గలేదని రాస్తే, యాంప్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ తీసేసి చూడమన్నారు. దయచేసి ఎవరు చెప్పినా ఆ పని చేయకండి. గిటార్ తీగలు బ్రిడ్జి ద్వారా యాంప్ గ్రౌండ్‌కే కలిసి ఉంటాయి. ఎర్త్ లేనప్పుడు యాంప్‌లో లీకేజీ వస్తే ఆ కరెంట్ నేరుగా మీ వేళ్లలోకే వస్తుంది. అదే సమయంలో ఎర్త్ ఉన్న మైక్ పెదవులకు తగిలితే ప్రాణాలే పోవచ్చు.