నైట్రో ట్రక్కుకు ‘డైరెక్ట్ డ్రైవ్’ ఎలక్ట్రిక్ కిట్ కొనబోతున్నవారికి హెచ్చరిక

నైట్రో ఆర్‌సీ ట్రక్కును, అంటే నైట్రో ఇంధనంతో నడిచే రిమోట్ కంట్రోల్ బొమ్మ ట్రక్కును, ఎలక్ట్రిక్‌గా మార్చే ‘డైరెక్ట్ డ్రైవ్ పూర్తి కిట్’ అని ఇంటర్నెట్‌లో అమ్ముతున్న ఒక కిట్‌ను గత నెలలో 240 డాలర్లు పెట్టి కొన్నాను. ఇంజిను విప్పి మోటారు బిగిస్తే చాలు, బండిలో ఇంకేమీ మార్చనవసరం లేదని ప్రకటనలో స్పష్టంగా రాశారు. ఆ మాట నిజం కాదు. మూడు వారాల్లో ఒక స్పర్ గేరు (శక్తిని అందుకుని చక్రాల వైపు పంపే పెద్ద పళ్ళ చక్రం), ఒక మోటారు, ఒక లిపో (లిథియం పాలిమర్) బ్యాటరీ పాడైపోయాయి, అమ్మినవారు ఒక్క డాలరు కూడా తిరిగి ఇవ్వలేదు. ఇదే కిట్ తీసుకోవాలనుకుంటున్నామని మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు నన్ను అడిగారు. అందుకే జరిగింది జరిగినట్టు, కొలతలతో సహా రాస్తున్నాను.

నా బండి ట్రాక్సస్ రెవో 3.3. ఆ కంపెనీ టెక్సస్‌లోని మెకిన్నీలో ఉంది, మేముండే ఫ్రిస్కోకు అది పక్క ఊరే. కాబట్టి ఇక్కడి తెలుగువారి గరాజుల్లో ఈ బండ్లు కనిపించడంలో వింతేమీ లేదు. ఏళ్ళ తరబడి బాగా నడిచిన బండి అది. ఇంజిను మోత, ఇంధనం పొగ ఇరుగుపొరుగువారికి ఇబ్బంది కలిగిస్తున్నాయని ఎలక్ట్రిక్‌గా మార్చాలనుకున్నాను. బండిలో ఏ లోపమూ లేదు. నా ఫిర్యాదు అంతా వేరెవరో తయారుచేసి అమ్మిన ఈ కిట్ గురించే.

డైరెక్ట్ డ్రైవ్ అంటే ఏమిటో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే ప్రకటనలో దాన్ని సుగుణంగా మాత్రమే చెప్పారు. నైట్రో ఇంజిను నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు చక్రాలను కదిలించదు. వేగం ఒక స్థాయికి చేరాక క్లచ్ షూలు విచ్చుకుని, చుట్టూ ఉండే క్లచ్ బెల్ అనే గిన్నెను పట్టుకుంటాయి, అప్పుడే శక్తి స్పర్ గేరుకు అందుతుంది. ఈ కిట్ బిగిస్తే ఆ క్లచ్ ఉండదు. మోటారు షాఫ్టు మీది పినియన్ (చిన్న పళ్ళ చక్రం) నేరుగా స్పర్ గేరును తిప్పుతుంది, పైగా బ్రష్‌లెస్ మోటారు కదలక ముందు నుంచే పూర్తి బలం చూపిస్తుంది. ఇంతకాలం క్లచ్ మెత్తబరిచిన దెబ్బ ఇక పినియన్ పళ్ళ మీద, స్పర్ మీద, టూ స్పీడ్ గేర్‌బాక్సు మీద, చివరకు చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్ మీద పడుతుంది. మిగిలిన రక్షణ స్పర్ దగ్గరి స్లిప్పర్ (దెబ్బ మరీ గట్టిగా పడితే జారిపోయే అమరిక) ఒక్కటే. దాన్ని కూడా కదలకుండా బిగించేయమని వారి సూచన పత్రంలో ఉంది. దయచేసి ఆ పని చేయకండి.

కిట్ బిగించిన మొదటి సాయంత్రం ఇంటి దగ్గరి ఖాళీ పార్కింగ్ స్థలంలో బండిని నడిపాను. కదిలిన క్షణం నుంచే పప్పు గింజలు రోట్లో నూరుతున్నట్టు గరగరమనే శబ్దం వచ్చింది. మొదటి బ్యాటరీ అయ్యేవరకు ఈ శబ్దం సహజమని సూచన పత్రంలో రాసి ఉంది కాబట్టి ఆపలేదు. రెండు నిమిషాలైనా గడవకుండానే మోటారు గాలిలో తిరిగినట్టు గుయ్యిమంది, బండి మాత్రం కదలలేదు. గేరు మూత విప్పితే లోపలంతా నల్లటి నైలాన్ పొడి, చేతికి అంటుకునేంత మెత్తగా ఉంది. స్పర్ గేరు అంచు మీద పళ్ళ జాడే లేదు, వేలితో తడిమితే నున్నగా తగిలింది.

కారణం వెర్నియర్ కాలిపర్‌తో తేలింది. గేరు బయటి వ్యాసాన్ని, దాని పళ్ళ సంఖ్యకు 2 కలిపిన మొత్తంతో భాగిస్తే దాని మాడ్యూల్, అంటే పళ్ళ పరిమాణం, తెలుస్తుంది. నా బండి స్పర్ గేరుకు 38 పళ్ళు. నా దగ్గరున్న కొత్త గేరును కొలిస్తే వ్యాసం 40 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే దాని మాడ్యూల్ 1, దీన్నే మోడ్ 1 అంటారు. కిట్‌లో ఇచ్చిన పినియన్‌కు 16 పళ్ళు, వ్యాసం 14.4 మిల్లీమీటర్లు, అంటే 0.8. మోడ్ 1 గేరులో ఒక పంటికీ తరవాతి పంటికీ మధ్య దూరం సుమారు 3.14 మిల్లీమీటర్లు ఉంటే 0.8లో సుమారు 2.51 మాత్రమే ఉంటుంది, కాబట్టి ఈ రెండూ ఎంత జాగ్రత్తగా సర్దినా ఒకదానిలో ఒకటి ఇమడవు. 0.8నే కొందరు అంగుళాల లెక్కలో 32 పిచ్ అని కూడా రాస్తారు, రెండూ దాదాపు ఒకటే. ప్రకటనలో మాత్రం ఏ పిచ్ అనే మాటే లేదు, ‘రెవోకు సరిపోతుంది’ అని మాత్రమే ఉంది.

పొరపాటున వేరే పినియన్ పెట్టి ఉంటారని అప్పటికి సర్దిచెప్పుకుని, 5 మిల్లీమీటర్ల షాఫ్టుకు పట్టే మోడ్ 1 పినియన్‌ను విడిగా కొని, కొత్త స్పర్ వేసి, పళ్ళ మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి సందు సరిచేసి మళ్ళీ నడిపాను. ఈసారి శబ్దం లేదు కానీ ఐదు నిమిషాల్లో మోటారు వేడి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌లో 96 డిగ్రీల సెల్సియస్ చూపించింది, వార్నిష్ కాలిన వాసన వచ్చింది. మోటారు మీద 2200 కేవీ అని ముద్ర ఉంది. అంటే ఒక్కో వోల్టుకు నిమిషానికి 2200 చుట్లు తిరగాలి. అదే కిట్ రెండోది కొని ఇంకా పెట్టె విప్పని ఒక మిత్రుడి దగ్గర మోటారు అడిగి తెచ్చి, షాఫ్టు సగానికి నల్ల మార్కర్ పూసి, సరిగ్గా 8 వోల్టుల దగ్గర ఏ భారమూ లేకుండా తిప్పి ఆప్టికల్ టాకోమీటర్‌తో కొలిచాను. 17,600 రావలసిన చోట 27,200 వచ్చింది. అంటే అది 3400 కేవీ మోటారు. నిండా చార్జ్ చేసిన నాలుగు సెల్స్ లిపో 16.8 వోల్టులు ఇస్తుంది; ముద్ర ప్రకారం ఆ వోల్టేజికి దాదాపు 37,000 చుట్లు తిరగవలసిన మోటారును ఇది 57,000 దాటించాలని చూస్తుంది. ఆ వేగానికి తగ్గ గేరింగ్ ఈ బండిలో లేదు, అందుకే మోటారు విపరీతంగా కరెంటు లాగి వేడెక్కిపోయింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది ఇదే. పినియన్ తప్పు పడటం పొరపాటే కావచ్చు, కానీ రెండు పెట్టెల్లోనూ వేరే ముద్ర వేసిన మోటారు ఉండటాన్ని పొరపాటు అనలేను.

మోటారును పట్టి ఉంచే అల్యూమినియం ప్లేటు కూడా పలచనిది, రెండే స్క్రూల మీద నిలుస్తుంది. మోటారును చేత్తో పట్టుకుని కొద్దిగా ఊపితే పళ్ళ మధ్య సందు తెరుచుకోవడం, మూసుకోవడం కంటికే కనిపిస్తుంది.

విద్యుత్తు వైపు ఉన్నవి ఇంతకంటే ప్రమాదకరమైన లోపాలు. నైట్రో బండిలో రిమోట్ సంకేతాలు అందుకునే రిసీవర్‌కూ, స్టీరింగు వంటివి తిప్పే సర్వోలకూ కరెంటు ఇచ్చే చిన్న బ్యాటరీ విడిగా ఉంటుంది. కిట్‌తో వచ్చిన ఈఎస్‌సీ (మోటారు వేగాన్ని నియంత్రించే పరికరం) కూడా రిసీవర్ వైరు ద్వారా అదే కరెంటు ఇస్తుంది. పాత బ్యాటరీని అలాగే ఉంచమని సూచన పత్రం చెబుతోంది. అలా ఉంచితే రెండు సరఫరాలు ఒకదానికొకటి ఎదురుతిరుగుతాయి. నా రిసీవర్ పెట్టె గోరువెచ్చగా మారడంతో గమనించి ఆ బ్యాటరీని తీసేశాను. ఇక ఆ ఈఎస్‌సీ నికెల్ బ్యాటరీల సెట్టింగ్‌లో వచ్చింది, లిపో వోల్టేజి పడిపోయినా తనంతట తాను ఆగదు. ఒక సెల్ 2.6 వోల్టులకు దిగి ప్యాక్ ఉబ్బింది. దాన్ని ఇంట్లోకి తేకుండా ఇనుప డబ్బాలో పెట్టి బయటే ఉంచాను. పిల్లలు తిరిగే ఇళ్ళలో ఉబ్బిన లిపో ఎంత ప్రమాదమో వేరే చెప్పనవసరం లేదు.

ఫొటోలు, కొలతలు అన్నీ జతచేసి అమ్మినవారికి రాస్తే, ఒకసారి బిగించిన కిట్‌ను వెనక్కి తీసుకోబోమని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. మరో రెండు రోజులకు ప్రకటనలో ‘పినియన్ 32 పిచ్’ అనే మాట కొత్తగా చేరింది. కొన్న రోజే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి ఉంచాను కాబట్టి నా దగ్గర ఆధారం ఉంది, మీరూ తప్పకుండా తీసి ఉంచండి. నేను క్రెడిట్ కార్డుతో కట్టాను. అమెరికాలో ఆ ఖర్చు కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన నాటి నుంచి 60 రోజుల్లోపు బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పే హక్కు చట్టం ఇస్తోంది కాబట్టి ఆ ఉత్తరం పంపాను, విచారణ నడుస్తోంది. 20 డాలర్లు తగ్గిస్తామని చెప్పి, స్నేహితులకు డబ్బు పంపే పద్ధతిలో పంపమని వారు అడుగుతారు. నాకు మోటారు ఇచ్చిన మిత్రుడు అలాగే పంపాడు, ఆ పద్ధతిలో కొనుగోలుదారుకు రక్షణ ఉండదు కాబట్టి అతనికి ఇప్పుడు ఏ దారీ లేదు.

హైదరాబాద్, విజయవాడ నుంచి ఈ కిట్ తెప్పించుకోవాలనుకునేవారికి నష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అంత దూరం నుంచి వెనక్కి పంపడానికే సగం ధర అవుతుంది. వచ్చే బంధువుల చేత పంపించుకునేవారు విడి లిపో బ్యాటరీలను చెక్ ఇన్ సామానులో పెట్టకూడదని, చేతి సంచిలోనే తేవాలని కూడా వారికి చెప్పండి.

ఇప్పటికే ఈ కిట్ మీ దగ్గర ఉంటే, బిగించే ముందు పినియన్ పళ్ళు లెక్కపెట్టి వ్యాసం కొలవండి. 16 పళ్ళకు 18 మిల్లీమీటర్లు రాకపోతే ఆ పినియన్‌తో బండిని ఒక్క గజం కూడా నడపకండి, పెట్టెను అలాగే మూసి, బిగించలేదని తెలిసేలా ఫొటోలు తీసి, ఆ రోజే వెనక్కి పంపుతామని అమ్మినవారికి రాయండి.