విశాఖ ఉప్పుగాలిలో లెదర్ సీట్లు: కండిషనర్ పని ఎంత, క్లీనర్ పని ఎంత?

మాది ఎంవీపీ కాలనీ. ఇంటి నుంచి సముద్రం ఎంతో దూరం లేదు, బండికి షెడ్డూ లేదు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న స్కోడా సూపర్బ్, లోపల లేత గోధుమరంగు లెదర్. కొన్న దగ్గర్నుంచి సీట్ల పని నేనే చేసుకుంటున్నాను, ఈ ఏళ్లలో నాలుగైదు రకాల కండిషనర్లు, అంటే తోలు మెత్తగా ఉండాలని పూసే క్రీములు, నూనెలు వాడాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను: మన ఊళ్లో సీటుని కాపాడేది క్లీనర్. కండిషనర్‌కి కూడా పనుంది గానీ అది చిన్నది. జిడ్డుగా, చిక్కగా ఉండే కండిషనరైతే లాభం కంటే నష్టమే ఎక్కువ.

ఎందుకో చెప్తాను. ఈ రోజుల్లో కారు సీట్లకి వాడే తోలు ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేసినది. మెత్తదనానికి కావలసిన నూనెలు తోళ్ల కర్మాగారంలోనే పట్టించేస్తారు. దాని మీద రంగు వేసి, ఆ పైన పాలీయురేథేన్ పూత వేస్తారు. మన చెయ్యి తగిలేది ఆ పూతకే. సీసాల మీద "తోలు లోతుల్లోకి ఇంకి పోషణ ఇస్తుంది" అని ఎంత రాసినా, పూత బాగున్న సీట్లో ఇంకేది బహు తక్కువ. కుట్ల దగ్గర, పూత అరిగిన చోట కాస్త లోపలికి వెళ్తుంది, అంతే.

మీ సీటు ఏ రకమో తెలుసుకోవాలంటే కంటికి కనపడని మూల ఒక నీటి చుక్క వెయ్యండి. తామరాకు మీద బొట్టులా నిలబడితే పూత ఉన్న తోలు. మెల్లగా పీల్చుకుని ఆ చోటు ముదురు రంగుకి తిరిగితే పూత లేని అనిలిన్ తోలు. అది చాలా ఖరీదైన బండ్లలో తప్ప కనపడదు. దానికి కండిషనర్ నిజంగానే ఇంకుతుంది, దాని పద్ధతులు వేరు.

దీనికంటే ముందు తేల్చుకోవలసింది ఇంకొకటుంది: అసలది తోలేనా? మన దేశంలో అమ్ముడయ్యే చాలా కార్ల బ్రోషర్లలో సన్నటి అక్షరాల్లో "లెదరెట్" అని ఉంటుంది. అంటే రెక్సిన్‌కి పెద్దన్నయ్య. నిజమైన లెదర్ అని అమ్మే బండ్లలో కూడా చాలావాటికి మనం కూర్చునే, వీపు ఆనించే భాగాలే తోలు. సీటు పక్కలు, వెనకభాగం, డోర్ ప్యాడ్లు వినైలే. సీటు కవర్ల షాపులో "ప్యూర్ లెదర్ సార్" అంటే, కత్తిరించిన ముక్క ఒకటి అడిగి తిరగేసి చూడండి. వెనక బట్ట నేత కనపడితే లెదరెట్, నూగునూగుగా పీచు ఉంటే తోలు.

మా ఇంట్లో రెండో బండికి లెదరెట్టే. దానికి నేను కండిషనర్ ముట్టించను. పీవీసీ రకం లెదరెట్‌లో దాన్ని మెత్తగా ఉంచే రసాయనం ఏళ్ల మీద ఎగిరిపోయి గట్టిపడుతుంది. పీయూ (పాలీయురేథేన్) రకమైతే వేడికీ తేమకీ పొర విడిపోయి పొట్టులా రాలుతుంది. ఈ రెండింటినీ ఏ కండిషనరూ ఆపలేదు. తడిగుడ్డ, రెండు చుక్కల తేలికపాటి సబ్బు చాలు.

ఇప్పుడు వాడిన సరుకుల సంగతి. బండి నా చేతికొచ్చేసరికే సీట్లు నిగనిగలాడుతున్నాయి. అమ్మినాయన ఏదో డీటెయిలింగ్ షాపులో మెరుపు కోసం పూసే సిలికాన్ డ్రెస్సింగ్ పూయించారు. చూడ్డానికి కొత్తగానే ఉంది గానీ, బ్రేకు వేసినప్పుడల్లా మనిషి ముందుకి జారేవాడు, తెల్ల చొక్కా వీపు మీద మరక పడేది. ఆ పొర వదిలించడానికే క్లీనర్ సగం సీసా అయిపోయింది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన లెదర్ మెరవదు. మెరుస్తోందంటే దాని మీద జిడ్డైనా ఉండాలి, డ్రెస్సింగైనా ఉండాలి.

తర్వాత గుర్రపు జీన్లకీ బూట్లకీ బాగా పేరున్న తేనెలాంటి చిక్కటి నూనె రకం ఒకటి. పేరెందుకులెండి. పొడి వాతావరణంలో, పూత లేని తోలుకి అది మంచిదే కావచ్చు. మన శ్రావణ భాద్రపదాల్లో మాత్రం తుడిచిన మర్నాటికి కూడా చేతికి అంటుకుంటూనే ఉండేది. ఆ జిగురు మీద దుమ్ము చేరింది, నాలుగు రోజులు బండి తియ్యకపోయేసరికి కుట్ల వెంబడి తెల్లగా బూజు లేచింది. బూజుకి తేమ, తిండి రెండూ కావాలి. తేమ మన గాలిలో ఎప్పుడూ ఉంటుంది, తిండి మనమే పూసి పెడుతున్నాం. మా పక్కింటి మాస్టారు ఇప్పటికీ "కొబ్బరినూనె రాసెయ్ బాబూ, దీనికింత హంగామా ఎందుకు" అంటారు. ఆయన మీద గౌరవంతో తలూపుతాను, రాయను.

నాకు కుదిరినవి పల్చటి, నీటి ఆధారంతో చేసిన క్రీములు. ఎక్కువకాలం వాడింది మెగ్వయర్స్ గోల్డ్ క్లాస్ కండిషనర్. కొంచెం పూస్తే చాలా దూరం పాకుతుంది, తుడిచాక జిడ్డు మిగలదు, మెరుపు రాదు. లెక్సాల్ కూడా దాదాపు అంతే, ఇంకా పల్చన. కలర్‌లాక్ వాళ్ల లెదర్ షీల్డ్ వేరే జాతి. అది మెత్తబరచడానికి కాదు, పూత మీద ఇంకో పల్చటి రక్షణ పొర. లేతరంగు సీట్లున్నవాళ్లకి నేను మొదట చెప్పేది దాని గురించే. కొత్త జీన్స్ నీలం సీటుకి పట్టకుండా అది కొంత అడ్డుకుంటుంది. క్లీనరూ కండిషనరూ ఒకే సీసాలో వచ్చే టూ ఇన్ వన్‌లు పైపైన తుడుచుకోడానికి పర్లేదు. అసలు మురికి పట్టిన సీటు మీద అవి మురికిని అటూ ఇటూ పులమడం తప్ప పెద్దగా చెయ్యవు.

మురికంతా ఎక్కడ చేరుతుందో చూడాలంటే డ్రైవరు సీటుకి డోరు వైపు ఉండే ఉబ్బెత్తు భాగం చూడండి. ఎక్కినప్పుడూ దిగినప్పుడూ తొడ రాసుకునేది అక్కడే. మా బండిలో అక్కడ నలుపు చూసి రంగు పోయిందనుకున్నారు అందరూ. మెత్తటి బ్రష్ మీద క్లీనర్ నురుగు వేసి గుండ్రంగా రుద్ది, తెల్లటి మైక్రోఫైబర్ గుడ్డతో ఒత్తి తీస్తే గుడ్డ నల్లబడింది, సీటు ముడతల్లోంచి అసలు రంగు బయటపడింది. ఆ నలుపులో చెమట ఉంది, జీన్స్ రంగు ఉంది, పోర్టు వైపు నుంచి గాలికొచ్చే బొగ్గు ధూళి ఉంది. ఈ ధూళి ముడతల్లో చేరి, కూర్చున్నప్పుడల్లా పూతని గరుకు కాగితంలా కోస్తుంది. పగుళ్లు మొదలయ్యేది చాలావరకు ఇలాగే. అది తియ్యకుండా పైన కండిషనర్ పూస్తే మురికిని లోపల పెట్టి సీలు వేసినట్టే. వెనక సీటు హెడ్‌రెస్ట్ మీద అమ్మ తలనూనె మరక కూడా ఇదే పద్ధతిలో వదిలింది. పూర్తిగా మాత్రం కాదు.

రుషికొండలోనో ఆర్కే బీచ్‌లోనో పిల్లలు తడిబట్టలతో ఎక్కితే, ఇంటికి రాగానే ముందు మంచినీళ్లలో పిండిన గుడ్డతో తుడిచెయ్యాలి. ఎండిన ఉప్పు మళ్లీ మళ్లీ తేమని లాగుతుంది. క్లీనర్ సంగతి తర్వాత. ఇంట్లో బాత్రూములు కడిగే ద్రావణాలు, ఘాటైన ఆల్ పర్పస్ క్లీనర్లు దగ్గరికి రానివ్వకండి. క్రోమ్ తోలు కొంచెం ఆమ్ల స్వభావంతో ఉంటుంది, క్షారం ఎక్కువైతే దానికి పడదు.

నేను క్లీనర్ నెలకో రెణ్ణెల్లకో పడతాను. కండిషనర్ ఏడాదికి రెండుసార్లే: ఉగాదికి ముందు ఒకసారి, తుపానుల కాలం వెళ్లి కార్తీకం దాటాక ఒకసారి. వానల్లో అసలు పట్టను. సాయంత్రం, సీటు చల్లబడ్డాక, ఫోమ్ ప్యాడ్ మీద రూపాయి బిళ్లంత వేసుకుని పూస్తాను. పావుగంట ఆగి పొడిగుడ్డతో గట్టిగా తుడిచేస్తాను. గాలి వచ్చేందుకు కన్నాలుండే వెంటిలేటెడ్ సీట్లున్నవాళ్లు సరుకుని నేరుగా సీటు మీద వెయ్యకూడదు, ఆ సన్నటి కన్నాల్లో క్రీము చేరి గట్టిపడితే సూదితో తీసుకుంటూ కూర్చోవాలి. స్టీరింగ్‌కి మాత్రం కండిషనర్ వద్దు, చెయ్యి జారుతుంది. క్లీనర్ ఒక్కటే.

మా అపార్ట్‌మెంట్లో బండ్లు కడిగే కుర్రాడు ఒకసారి నా పనంతా చూసి, "ఇంత సేపు రుద్దారు, మెరుపే రాలేదేటి సార్?" అన్నాడు. రాకూడదనేరా ఇంత తిప్పలు అంటే నమ్మలేదు. మర్నాడు వాడి దగ్గరున్న టైర్ పాలిష్ తెస్తానన్నాడు. బతిమాలి ఆపాను.

ఎండ విషయంలో కండిషనర్ మీద పెద్ద ఆశ పెట్టుకోవద్దు. సీసా మీద యూవీ (అతినీలలోహిత కిరణాల) రక్షణ అని ఉన్నా అది కొద్దిపాటిదే. ముందు అద్దం రెండు పొరలది కాబట్టి అతినీలలోహిత కిరణాల్ని బాగా ఆపుతుంది. పక్క అద్దాలు చాలా బండ్లలో ఒంటిపొరవి, వాటిలోంచి యూవీ-ఏ అనే రకం కిరణాలు బాగానే వస్తాయి. మా సీట్లలో వెలిసింది కూడా పక్క అద్దం వైపు భుజమే. ముందు వెనక అద్దాల్లోంచి 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుగు రావాలన్న నిబంధనకి లోబడిన యూవీ ఫిల్మ్, పార్కింగ్‌లో సన్‌షేడ్, ఈ రెండూ ఏ క్రీము కంటే ఎక్కువ మేలు చేస్తాయి.

పగుళ్ల మాట. ఒకసారి పూత చిట్లాక కండిషనర్ దాన్ని అతికించదు. నాలుగు రోజులు మెత్తగా కనిపించి మళ్లీ నోరు తెరుస్తుంది. డ్రైవరు సీటు మీద రెండు పగుళ్లకి చివరికి గాజువాకలో ఒకతని చేత ఫిల్లర్ పెట్టించి, రంగు కలిపించి, పైపూత వేయించాను. రంగు తొంభై శాతం కలిసింది, ఎండలో చూస్తే తేడా తెలుస్తుంది.

కొనేటప్పుడు చిన్న సీసా తీసుకోండి. ఏడాదికి రెండుసార్లు పూసేవాళ్లకి మెగ్వయర్స్ సీసా ఒక్కటే ఏళ్ల తరబడి వస్తుంది. తయారీ తేదీ చూసుకోండి, మే నెలలో డిక్కీలో వదిలెయ్యకండి. ఆ వేడికి క్రీము నీళ్లూ నూనెగా విడిపోతే ఇక ఎంత ఊపినా కలవదు. బడ్జెట్ ఒక్క సీసాకే సరిపోతే మాత్రం ఆ ఒక్కటీ క్లీనరే కొనండి.